కొత్త డ్రైవరు, తొలి కారు, బీమా ఖర్చు
(కొత్తగా కారు నడుపుతున్నవారి కోసం ఏర్పాటైన అవగాహన సభలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం.

ఈ మధ్యనే లైసెన్సు తీసుకున్నవారు, ఈ ఏడాదే తొలి కారు కొన్నవారు, కొడుకుకో కూతురికో కారు కొనివ్వాలని చూస్తున్న తల్లిదండ్రులు ఈ హాలులో ఎక్కువమంది ఉన్నారని నిర్వాహకులు చెప్పారు. మీరు ముందుగా రాసి పంపిన ప్రశ్నల్లో చాలావరకు ఒకే మాట అడిగాయి: కొత్త డ్రైవరుకు ఇన్సూరెన్స్ ఎంత అవుతుంది, దాన్ని ఎలా తగ్గించుకోవాలి? వాహన నష్టాలను అంచనా కట్టే సర్వేయరుగా చాలా ఏళ్లు పనిచేసిన అనుభవంతో ఈ ప్రశ్నకు నాకు తెలిసినంతలో జవాబు చెబుతాను.

ముందు ఒక విషయం స్పష్టం చేసుకుందాం. మన దేశంలో కారు ప్రీమియం లెక్కగట్టేటప్పుడు డ్రైవరు వయసును గానీ, స్టీరింగ్ పట్టి ఎన్నేళ్లయిందన్న సంగతిని గానీ సాధారణంగా చూడరు. కారు మోడల్, ఇంజిన్ సామర్థ్యం, తయారైన సంవత్సరం, రిజిస్ట్రేషన్ అయిన ఊరు, పాత క్లెయిముల చరిత్ర, వీటినే చూస్తారు. ముప్పై ఏళ్లుగా నడుపుతున్న పెద్దమనిషీ, నిన్న లైసెన్సు చేతికందిన కుర్రవాడూ ఒకే షోరూమ్‌లో ఒకే రోజు ఒకే కారు కొంటే, నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ పెట్టని ఏళ్లకు ఇచ్చే తగ్గింపు, తేడా మినహా ఇద్దరికీ దాదాపు ఒకే ప్రీమియం పడుతుంది. అంటే మన దగ్గర కొత్త డ్రైవరు తన అనుభవలేమికి పాలసీ కొన్న రోజున ధర చెల్లించడు. క్లెయిమ్ పెట్టిన రోజున, లేదా క్లెయిమ్ చెల్లదని తెలిసిన రోజున చెల్లిస్తాడు. అందుకే ప్రీమియం కాగితం మీది అంకె ఒక్కటే చూసి చవకో ఖరీదో తేల్చుకోవద్దని మిమ్మల్ని కోరుతున్నాను.

పాలసీలో రెండు ముఖ్యమైన భాగాలున్నాయి. మొదటిది థర్డ్ పార్టీ, అంటే మన బండి వల్ల ఎదుటివారికి జరిగే నష్టం. 1988 మోటారు వాహనాల చట్టం 146వ సెక్షన్ ప్రకారం ఇది లేకుండా బండి రోడ్డెక్కకూడదు. ఈ భాగానికి ధర నిర్ణయించేది కంపెనీ కాదు, కేంద్ర ప్రభుత్వం. 2022 జూన్ 1 నుంచి అమలులోకి వచ్చిన రేట్ల ప్రకారం 1000 సీసీ మించని కారుకు ఏడాదికి 2,094 రూపాయలు, 1000 దాటి 1500 సీసీ లోపు కారుకు 3,416 రూపాయలు, 1500 సీసీ దాటితే 7,897 రూపాయలు. దీని మీద 18 శాతం జీఎస్టీ అదనం. ఏ కంపెనీకి వెళ్లినా, ఆన్‌లైన్‌లో తీసుకున్నా, ఏజెంటు దగ్గర తీసుకున్నా ఈ అంకె మారదు కాబట్టి, ఇందులో బేరం ఆడదామని తిరగడం వృథా శ్రమ.

కొత్త కారు కొనేటప్పుడు మాత్రం ఈ మొత్తం ఒక్కసారిగా పెద్దదిగా కనిపిస్తుంది. సుప్రీంకోర్టు 2018 జూలై 20న ఇచ్చిన ఆదేశం మేరకు, ఆ ఏడాది సెప్టెంబరు 1 నుంచి కొత్త కార్లకు మూడేళ్ల థర్డ్ పార్టీ బీమాను, కొత్త ద్విచక్ర వాహనాలకు ఐదేళ్ల బీమాను ముందే కట్టించుకుంటున్నారు. తొలి ఏడాది బీమా ఉండి, రెండో ఏడాది నుంచి కట్టకుండా వదిలేసే బండ్లు విపరీతంగా పెరగడమే దీనికి కారణం. మధ్య తరగతి కారుకు, అంటే 1000 దాటి 1500 సీసీ లోపు ఉన్నదానికి, ఈ మూడేళ్ల మొత్తం 10,640 రూపాయలు. ఆన్‌రోడ్ ధర కాగితంలో బీమా గడి చూసి గుండె గుభేల్‌మన్న తండ్రులకు నేను చెప్పేది ఏమిటంటే, అందులో థర్డ్ పార్టీ భాగం మూడేళ్ల ఖర్చు, ఈ ఒక్క ఏడాది ఖర్చు కాదు.

ఆ 3,416 రూపాయలు దేనికి కడుతున్నామో ఒక లెక్క వేసి చూపిస్తాను. 28 ఏళ్ల ఎలక్ట్రీషియన్ ఒకాయన సొంతంగా పనులు చేసుకుంటూ నెలకు 25,000 సంపాదిస్తున్నాడనుకోండి. ఇంట్లో భార్య, ఇద్దరు పిల్లలు, తల్లి. మన కొత్త డ్రైవరు తప్పు వల్ల ఆయన చనిపోతే, మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్ పరిహారాన్ని తోచినట్టు నిర్ణయించదు. 2009లో సరళా వర్మ కేసులోనూ, 2017లో ప్రణయ్ సేఠీ కేసులోనూ సుప్రీంకోర్టు చెప్పిన పద్ధతి ఉంది. ఏడాది సంపాదన 3,00,000. సొంత పని చేసుకునే, 40 ఏళ్ల లోపు మనిషి కనుక భవిష్యత్తులో పెరిగే సంపాదన కింద 40 శాతం కలిపితే 4,20,000. ఆయన మీద ఆధారపడినవారు నలుగురు కాబట్టి సొంత ఖర్చుల కింద నాలుగో వంతు తీసేస్తే 3,15,000. ఎన్నేళ్ల సంపాదనగా లెక్కించాలో చెప్పే గుణకం 26 నుంచి 30 ఏళ్ల మధ్య వయసుకు 17. గుణిస్తే 53,55,000 రూపాయలు. అంత్యక్రియల ఖర్చు, భార్యాబిడ్డలకూ తల్లికీ ఆత్మీయుడిని కోల్పోయినందుకు ఇచ్చే మొత్తాలు చేరితే 55 లక్షలు దాటుతుంది. దాని మీద వడ్డీ ఉంటుంది. థర్డ్ పార్టీ పాలసీ ఉంటే ఈ డబ్బు కంపెనీ కడుతుంది. ప్రాణనష్టానికీ గాయాలకూ ఇంత వరకే అన్న పరిమితి లేదు, ట్రిబ్యునల్ ఎంత నిర్ణయిస్తే అంత. ఆస్తి నష్టానికి మాత్రం ప్రైవేటు కారు విషయంలో 7.5 లక్షల పరిమితి ఉంది. పాలసీ లేకపోతే ఆ 55 లక్షల కోసం బండి యజమాని ఇల్లూ పొలమూ అమ్ముకోవాలి. అమ్మినా రాని పక్షంలో ఆ తల్లికీ పిల్లలకూ కోర్టు తీర్పు కాగితం ఒక్కటే మిగులుతుంది. బీమా లేని బండికి చట్టంలో జరిమానా మొదటిసారి 2,000, మళ్లీ దొరికితే 4,000, లేదా మూడు నెలల వరకు జైలు. పోలీసుల చలానాకు భయపడి పాలసీ కట్టేవారిని చాలామందిని చూశాను. భయపడాల్సింది ఆ 2,000కు కాదు.

మన దేశంలో 2022 ఒక్క సంవత్సరంలోనే రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖ లెక్క. ఇందులో ప్రతి ఇంటికీ పరిహారం అందిందా అంటే అందలేదు. గుద్దిన బండికి బీమా లేకపోవడం, ఉన్నా గడువు దాటిపోవడం దానికి ఒక ముఖ్య కారణం. థర్డ్ పార్టీ భాగం మీ కోసం కాదు, రోడ్డు మీద మీకు ఎదురుపడే మనిషి కోసం. దీన్ని ఒక్క రోజు కూడా ఆగనివ్వకండి.

ఇక లైసెన్సు సంగతి. కొత్తవారి విషయంలో ఇదే ఎక్కువ పేచీ తెచ్చిపెడుతుంది. లెర్నర్స్ లైసెన్సుతో నడుపుతుండగా ప్రమాదం జరిగితే బీమా వర్తించదని మన ఊళ్లలో గట్టిగా నమ్ముతారు. అది పొరపాటు. 2004లో స్వరణ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం, లెర్నర్స్ లైసెన్సు కూడా చట్టం దృష్టిలో లైసెన్సేనని, ఆ కారణంతో కంపెనీ తప్పించుకోలేదని చెప్పింది. అయితే నియమాలు పాటించి ఉండాలి. బండికి ముందూ వెనుకా తెలుపు మీద ఎర్రని ఎల్ బోర్డు ఉండాలి, పక్కన పూర్తి లైసెన్సు ఉన్న మనిషి కూర్చోవాలి, ఆయన అవసరమైతే బండిని ఆపగలిగే చోట ఉండాలి. ఆదివారం పొద్దున్నే ఖాళీ రోడ్డు కదా అని ఒంటరిగా బయలుదేరిన లెర్నరు కారు గోడకు తగిలితే, సొంత కారు మరమ్మతుకు కంపెనీ డబ్బు ఇవ్వకపోవచ్చు. ఎదుటివారికి దెబ్బ తగిలితే ఇంకా కష్టం. అలాంటప్పుడు బాధితుడికి కంపెనీ ముందు డబ్బు చెల్లించి, తర్వాత యజమాని దగ్గర వసూలు చేసుకోవాలని కోర్టులు ఆదేశించడం పరిపాటి. బాధితుడికి న్యాయం జరుగుతుంది, కానీ ఆ మొత్తం మీ మీద అప్పుగా నిలుస్తుంది.

18 ఏళ్లు నిండని పిల్లవాడికి తాళాలిచ్చే తల్లిదండ్రుల గురించి ఎక్కువ మాట్లాడను. 2019 సవరణతో వచ్చిన 199ఏ సెక్షన్ ప్రకారం సంరక్షకుడికి లేదా యజమానికి మూడేళ్ల వరకు జైలు, 25,000 జరిమానా, బండి రిజిస్ట్రేషన్ ఏడాది పాటు రద్దు. ఇంత చెప్పాక కూడా ఇచ్చేవారికి బీమా గురించి చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు.

కారు లోపల ఉన్నవారి సంగతి చాలామందికి తెలియదు. తన తప్పు వల్లే ప్రమాదం జరిగి డ్రైవరు చనిపోతే, థర్డ్ పార్టీ బీమా కింద అతని కుటుంబానికి పరిహారం రాదు, ఎందుకంటే అతను మూడో వ్యక్తి కాడు. 2025 జూలైలో కూడా సుప్రీంకోర్టు ఇదే వైఖరిని నిలబెట్టింది. దీని కోసమే యజమానికి 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా తప్పనిసరి చేశారు. ఇక్కడ ‘యజమాని’ అన్న మాట జాగ్రత్తగా గమనించండి. మన ఇళ్లలో కారు నాన్నగారి పేరు మీద ఉంటుంది, నడిపేది అబ్బాయో అమ్మాయో. ఆ 15 లక్షల బీమా నాన్నగారికి వర్తిస్తుంది గానీ, రోజూ స్టీరింగ్ ముందు కూర్చునే పిల్లవాడికి వర్తించదు. పిల్లవాడికి కూడా రక్షణ కావాలంటే, పేరు రాయించి గానీ, పేరు లేకుండా కారులోని సీట్లన్నిటికీ గానీ అదనపు వ్యక్తిగత ప్రమాద బీమా తీసుకోవాలి. దానికయ్యే ఖర్చు ఏడాదికి కొన్ని వందల రూపాయలు. నా దగ్గరకు సలహాకు వచ్చిన కుటుంబాల్లో ఈ గడి నింపినవారు బహు తక్కువ. అలాగే థర్డ్ పార్టీ మాత్రమే ఉన్న పాలసీతో స్నేహితులను ఎక్కించుకుని తిరిగేవారు, ఆ స్నేహితులకు దెబ్బ తగిలితే ఆ పాలసీ కాపాడుతుందని నమ్ముకోకూడదు. ప్రైవేటు కారులో ఊరికే ఎక్కించుకున్నవారికి అది వర్తించదని కోర్టులు చెబుతూ వచ్చాయి. థర్డ్ పార్టీతో పాటు సొంత కారు నష్టం కూడా కలిసిన సమగ్ర పాలసీలో ఆ రక్షణ ఉంటుంది.

రెండో భాగం ఓన్ డ్యామేజ్, అంటే మన కారుకు జరిగే నష్టం. 2007 జనవరి 1 నుంచి దీని ధరను కంపెనీలే నిర్ణయిస్తున్నాయి. కాబట్టి మీ బేరసారాలన్నీ ఇక్కడే. ధరకు మూలం ఐడీవీ, అంటే కారు పోయినా, పూర్తిగా పాడైనా కంపెనీ ఇచ్చే గరిష్ఠ మొత్తం. షోరూమ్ ధర నుంచి ఆరు నెలల లోపు కారుకు 5 శాతం, ఏడాది లోపు 15 శాతం, రెండేళ్ల లోపు 20 శాతం, మూడేళ్ల లోపు 30 శాతం, నాలుగేళ్ల లోపు 40 శాతం, ఐదేళ్ల లోపు 50 శాతం తగ్గిస్తూ పోతారు. ప్రీమియం తక్కువగా చూపించడానికి కొందరు ఐడీవీని తగ్గించి రాస్తారు. ఎనిమిది లక్షల కారుకు ఆరున్నర లక్షలు రాయించుకుని ప్రీమియంలో రెండు వేలు మిగిల్చుకున్న మనిషికి కారు దొంగతనానికి గురైతే లక్షన్నర పోతుంది. కొత్త డ్రైవరు దగ్గర సాధారణంగా కారు మీద బ్యాంకు అప్పు కూడా ఉంటుంది కనుక ఇది మరీ ప్రమాదం. హైదరాబాద్, చెన్నై, బెంగళూరు వంటి మహానగరాలు ప్రీమియం లెక్కలో ‘ఏ’ జోన్‌లోకి, విజయవాడ, విశాఖ, వరంగల్ వంటి ఊళ్లు ‘బీ’ జోన్‌లోకి వస్తాయి. బీ జోన్‌లో ధర కొద్దిగా తక్కువ.

షోరూమ్ వారు చూపించిన పాలసీయే తీసుకోవాలన్న నియమం ఎక్కడా లేదు. డీలర్లు బీమా అమ్మే పద్ధతిపై బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2017లో మార్గదర్శకాలు ఇచ్చింది, కొనుగోలుదారు తనకు నచ్చిన కంపెనీని ఎంచుకోవచ్చు. బయట పాలసీ తీసుకుంటే డెలివరీ ఆలస్యమవుతుందని ఎవరైనా అంటే, అది బేరం కోసం అనే మాట. అయితే ఒక మాట కూడా నిజాయతీగా చెప్పాలి. షోరూమ్ పాలసీలో క్యాష్‌లెస్ మరమ్మతు, అంటే కంపెనీ తన వాటాను నేరుగా గ్యారేజీకే కట్టే ఏర్పాటు, సులువుగా ఉంటుంది. బయట పాలసీ చవకగా దొరికినా, మీ ఊళ్లో ఆ కంపెనీకి క్యాష్‌లెస్ గ్యారేజీ ఎంత దూరంలో ఉందో అడిగి తెలుసుకున్నాకే సంతకం పెట్టండి. నరసరావుపేటలో కారు ఉంచుకుని గ్యారేజీ కోసం గుంటూరు వెళ్లాల్సివస్తే మిగిల్చిన డబ్బు టోయింగ్‌కే పోతుంది.

ఇప్పుడు కొత్త డ్రైవరు నిత్యం ఎదుర్కొనే సంగతికి వస్తాను. తొలి ఏడాది తగిలేవి పెద్ద ప్రమాదాలు కావు. అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో స్తంభానికి వెనుక బంపర్ తగలడం, ఇరుకు సందులో ఆటో పక్క నుంచి వెళ్లేటప్పుడు తలుపు మీద పొడవాటి గీత పడడం, రివర్సులో గేటుకు ఆనించడం. ఇలాంటి ఒక క్లెయిమును సర్వేయరు ఎలా లెక్కిస్తాడో చెబుతాను. రెండో ఏడాదిలో ఉన్న కారు, వెనుక బంపర్ పగిలింది. కొత్త బంపర్ 4,000, పెయింటింగ్ 2,000, బిగింపు కూలీ 1,000 అనుకుందాం. మొత్తం 7,000. బంపర్ ప్లాస్టిక్ కాబట్టి కారు వయసుతో సంబంధం లేకుండా 50 శాతం తరుగు. కొని నెల కాకపోయినా అంతే. అంటే 2,000 మాత్రమే వస్తుంది. పెయింటింగ్ బిల్లులో 25 శాతాన్ని రంగు సామగ్రి కింద లెక్కించి అందులో సగం కోస్తారు, అంటే 250 పోయి 1,750 మిగులుతుంది. కూలీ 1,000 పూర్తిగా ఇస్తారు. మొత్తం 4,750. ఇందులోంచి 1500 సీసీ మించని కారుకు తప్పనిసరి కోత, అంటే ప్రతి క్లెయిములో యజమానే భరించాల్సిన మొత్తం, 1,000. చేతికొచ్చేది 3,750. జేబులోంచి పెట్టుకునేది 3,250. ఇనుప భాగాలకైతే తరుగు వయసును బట్టి ఉంటుంది, ఆరు నెలల లోపు ఏమీ ఉండదు. అద్దాలకు అసలు తరుగు లేదు.

మన వాళ్లు ‘బంపర్ టు బంపర్’ అని పిలిచే జీరో డిప్రిసియేషన్ ఉంటే ఈ తరుగు కోత ఉండదు, ఆ 1,000 మాత్రమే కోస్తారు. దీనికి అదనపు ప్రీమియం ఉంటుంది. సాధారణంగా ఐదేళ్ల లోపు కార్లకే ఇస్తారు, ఏడాదికి ఇన్ని క్లెయిములే అన్న పరిమితి కూడా ఉండవచ్చు. కొత్త డ్రైవరుకు తొలి రెండు మూడేళ్లు ఇది అవసరమని నా గట్టి అభిప్రాయం. ఇప్పటి కార్లలో బంపర్లు, గ్రిల్లులు, ల్యాంపుల చుట్టూ ఉండే భాగాలు అన్నీ ప్లాస్టిక్కే. కొత్తవారు గుద్దుకునేదీ వాటితోనే.

కానీ జీరో డిప్రిసియేషన్ ఉన్నంత మాత్రాన ప్రతి గీతకూ క్లెయిమ్ పెట్టకండి. ఎందుకో చూడండి. క్లెయిమ్ లేని ఏడాదికి ఓన్ డ్యామేజ్ ప్రీమియంలో 20 శాతం, వరుసగా రెండేళ్లయితే 25, మూడేళ్లయితే 35, నాలుగేళ్లయితే 45, ఐదేళ్లయితే 50 శాతం నో క్లెయిమ్ బోనస్ తగ్గింపు వస్తుంది. తొలి ఏడాదిలో ఒక్క క్లెయిమ్ పెట్టారనుకోండి. మరుసటి ఏడాది రావాల్సిన 20 శాతం పోతుంది. అంతటితో అయిపోలేదు, ఆ తర్వాత కూడా మీరు ఒక మెట్టు కిందే ఉంటారు: 25 బదులు 20, 35 బదులు 25, 45 బదులు 35, 50 బదులు 45. తేడాలన్నీ కూడితే 20, 5, 10, 10, 5, మొత్తం 50 శాతం. అంటే తొలి ఏడాది పెట్టిన ఒక్క క్లెయిమ్ తర్వాతి ఐదేళ్లలో సగం ఏడాది ఓన్ డ్యామేజ్ ప్రీమియంతో సమానమైన భారం వేస్తుంది. ఆ ప్రీమియం 12,000 అనుకుని, అదే నిలకడగా ఉంటుందనుకుంటే నష్టం 6,000, జీఎస్టీతో కలిపి 7,080. కారు పాతబడే కొద్దీ ప్రీమియం తగ్గుతుంది కాబట్టి నిజానికి కొంత తక్కువే ఉంటుంది. అయినా ఇందాకటి బంపర్ క్లెయిములో చేతికొచ్చిన 3,750 కంటే ఇది పెద్ద మొత్తమే అవుతుంది. అందుకని చిన్న సొట్టలూ గీతలూ వీధి చివర డెంటింగ్ పెయింటింగ్ చేసే మేస్త్రీ దగ్గర మీ ఖర్చుతో బాగుచేయించుకుని, మరమ్మతు ఖర్చు మీ ఏడాది ఓన్ డ్యామేజ్ ప్రీమియంలో సగాన్ని బాగా దాటినప్పుడే క్లెయిమ్ పెట్టడం మంచిది. రెండు మూడు వేర్వేరు గీతలను ఒకే ప్రమాదం కింద చూపించమని గ్యారేజీ వారు సలహా ఇస్తారు. వినకండి. గీత ఎత్తు, దాని దిశ, అందులో అంటుకున్న రంగు చూస్తే ఒకే దెబ్బో కాదో సర్వేయరుకు నిమిషంలో తెలుస్తుంది. అబద్ధపు వివరణతో మొత్తం క్లెయిమే తిరస్కరణకు గురవుతుంది.

నో క్లెయిమ్ బోనస్ మనిషిది, కారుది కాదు. పాత కారు అమ్మి కొత్తది కొంటే బోనస్ మీతో వస్తుంది, కంపెనీ మారినా వస్తుంది. పాలసీ గడువు ముగిసి 90 రోజుల్లో పునరుద్ధరించకపోతే మాత్రం మొత్తం పోతుంది. నాన్నగారి పాత కారు అమ్మి, ఆయన 50 శాతం బోనస్ వాడుకోవడం కోసం కొత్త కారు కూడా ఆయన పేరు మీదే కొనడం మనలో మామూలు. చట్టబద్ధమే. కానీ అలా చేస్తే నడిపే పిల్లవాడి పేరు మీద బోనస్ ఎన్నటికీ పోగుపడదు, ఇందాక చెప్పిన 15 లక్షల రక్షణా అతనికి ఉండదు. అతను చేసే సొట్టలన్నీ నాన్నగారి బోనస్‌ను తినేస్తాయి. తొలి ఏడాది మిగిలే డబ్బు చూసుకుని ఈ మూడింటినీ మరవద్దు.

అదనపు రక్షణల్లో జీరో డిప్రిసియేషన్ తర్వాత నేను కొత్తవారికి చెప్పేది ఇంజిన్ ప్రొటెక్షన్. 2020 అక్టోబరులో హైదరాబాద్‌ను, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ ప్రాంతాన్ని వరద ముంచినప్పుడు సెల్లార్లలోనూ వీధుల్లోనూ కార్లు నీట మునిగాయి. మామూలు సమగ్ర పాలసీ వరద నష్టాన్ని భరిస్తుంది. సీట్లు, వైరింగ్, శుభ్రం చేయించే ఖర్చు వస్తాయి. కానీ నీళ్లు తీశాక కారు పనిచేస్తుందో లేదో చూద్దామని తాళం తిప్పితే, ఇంజిన్ గాలికి బదులు నీటిని పీల్చుకుంటుంది. నీరు గాలిలా నలగదు కాబట్టి లోపల కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది, ఒక్కోసారి బ్లాకు పగిలిపోతుంది. అప్పుడు కంపెనీ అనేది ఏమిటంటే, వరద వల్ల ఇంజిన్ పాడు కాలేదు, మీరు స్టార్ట్ చేయడం వల్ల పాడైంది, కాబట్టి పాలసీ వర్తించదు అని. లక్ష దాటే బిల్లు యజమాని మీద పడుతుంది. అనుభవం ఉన్న డ్రైవరు నీళ్లలో ఆగిన కారును ముట్టుకోడు, తోయించి గ్యారేజీకి పంపుతాడు. కొత్తవారు కంగారులో మళ్లీ మళ్లీ సెల్ఫ్ కొడతారు. మీ వీధిలో వానాకాలం నీళ్లు నిలిచే పక్షంలో ఈ రక్షణ తీసుకోండి. తీసుకున్నా, మునిగిన కారు తాళం తిప్పకండి. తాళాలు పోతే ఇచ్చేవి, ఆయిల్ ఖర్చు ఇచ్చేవి వంటి మిగిలిన చిన్న చిన్న జోడింపులు కొత్తవారికి అంత అవసరం లేదు. ప్రీమియం తగ్గుతుందని స్వచ్ఛంద కోతకు, అంటే క్లెయిములో ఇంకొంత మొత్తం మనమే భరించడానికి, ఒప్పుకోవడం కూడా మొదటి రెండేళ్లు వద్దు, ఎందుకంటే ఆ రెండేళ్లే మీకు క్లెయిమ్ అవసరం పడే ఏళ్లు.

అమెరికా వెళ్లే పిల్లలున్న తల్లిదండ్రులు కూడా ఇక్కడున్నారు కాబట్టి ఒక మాట. అక్కడ లెక్క పూర్తిగా వేరు, బీమా కారు కంటే డ్రైవరును ఎక్కువ చూస్తుంది. మన తెలుగువారు ఎక్కువగా స్థిరపడిన టెక్సస్‌లో వయసు, అక్కడి లైసెన్సు వచ్చి ఎంతకాలమైంది, పాత ప్రమాదాలు, పిన్‌కోడ్, క్రెడిట్ చరిత్ర వరకు ధరలోకి వస్తాయి. ఇక్కడ ఐదేళ్లు నడిపిన అనుభవాన్ని చాలా కంపెనీలు లెక్కలోకి తీసుకోవు. చట్టం కోరే కనీస రక్షణ ఒక మనిషి గాయాలకు 30,000 డాలర్లు, ఒక ప్రమాదంలో గాయాలన్నిటికీ 60,000, ఆస్తి నష్టానికి 25,000. మించితే సొంత బాధ్యతే. అందుకని మాస్టర్స్ చేయడానికి వెళ్లిన పిల్లవాడు మూడు వేల డాలర్ల పాత కారుకు కట్టే ప్రీమియం చూసి ఇక్కడి తండ్రి నమ్మలేకపోతాడు. కాలిఫోర్నియాలో మాత్రం 1988లో ప్రజలు ఓటు వేసి తెచ్చుకున్న 103వ ప్రతిపాదన ప్రకారం డ్రైవింగ్ రికార్డుకు, ఏడాదికి తిరిగే మైళ్లకు, అనుభవానికి మొదటి స్థానం ఇవ్వాలి, క్రెడిట్ చరిత్ర చూడకూడదు.

మన దేశంలోనూ ధర డ్రైవరును బట్టి ఉండాలా అని ఒకరు రాసి పంపారు. థర్డ్ పార్టీ విషయంలో వద్దంటాను. దాని ధర పెరిగితే కట్టకుండా తిరిగే బండ్లు ఇంకా పెరుగుతాయి, నష్టపోయేది రోడ్డున నడిచే మనిషి. ఓన్ డ్యామేజ్‌లో మాత్రం ఉండాలి, అయితే వయసును బట్టి కాదు, నడిపే తీరును బట్టి. 22 ఏళ్లవాడు కావడం నేరం కాదు, నగరంలో గంటకు 90 వేగంతో వెళ్లడం నేరం. 2022 జూలైలో ఐఆర్‌డీఏఐ తిరిగిన దూరాన్ని బట్టి, నడిపే తీరును బట్టి ధర కట్టే జోడింపులకు అనుమతి ఇచ్చింది. నెలకు నాలుగైదు సార్లు మాత్రమే కారు తీసే కొత్తవారు వీటిని తప్పక అడిగి చూడాలి. మంచి డ్రైవింగ్ స్కూల్లో పూర్తి శిక్షణ పొందినవారికి కూడా కంపెనీలు తగ్గింపు ఇవ్వాలని నేను ఎన్నో వేదికల మీద అడుగుతూ వచ్చాను. ఈ వేదిక మీదా అడుగుతున్నాను.

చివరిగా సెకండ్‌హ్యాండ్ కారు. చేయి తిరిగే వరకు పాతదాని మీద నేర్చుకుందామని రెండు మూడు లక్షల్లో కారు కొనేవారు మీలో చాలామంది ఉంటారు. మంచి ఆలోచనే. కారుతో పాటు అమ్మినవారి పాలసీ కూడా వచ్చింది కదా అని నిశ్చింతగా ఉండకండి. చట్టం ప్రకారం థర్డ్ పార్టీ భాగం మీకు బదిలీ అయినట్టే భావిస్తారు, కానీ ఓన్ డ్యామేజ్ భాగం అలా కాదు. కొన్న తేదీ నుంచి 14 రోజుల లోపు కంపెనీకి దరఖాస్తు ఇచ్చి, ఆర్‌సీ బదిలీ కాగితం చూపించి, పాలసీని మీ పేరు మీదకు మార్చుకోవాలి. పాత యజమాని అనుభవించిన నో క్లెయిమ్ బోనస్ ఆయనదే, ఆ తేడా మీరు కట్టాలి. అది కొన్ని వేలు కావచ్చు. ఆర్‌సీ ఒకరి పేరు మీద, పాలసీ మరొకరి పేరు మీద ఉన్న కారుకు నష్టం జరిగితే క్లెయిమ్ చెల్లదు. బేరం కుదుర్చుకునేటప్పుడే పాలసీ గడువు తేదీ, అందులో రాసిన బోనస్ శాతం, అంతకుముందు ఏడాది క్లెయిమ్ ఉందా లేదా అన్నది చూసి, బోనస్ తేడా మొత్తాన్ని కారు ధరలోంచి తగ్గించమని అడగండి. ఆర్టీఏ ఆఫీసులో బదిలీకి కాగితాలు ఇచ్చిన రోజే కంపెనీకి కూడా దరఖాస్తు పంపి, అందినట్టు రసీదు తీసుకోండి.

మీ ప్రశ్నలు అడగవచ్చు.